రత్నం పెళ్ళి రా క్యాసెట్టు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఆయన పోయిన తర్వాత వయోజన విద్య బడిలో పలక పట్టుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. 'ళ' రాయాల్సిన చోట 'ల' వచ్చి కూర్చుంటుంది. ఒక వాక్యం పూర్తయ్యేలోపు పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. తప్పులు కొన్ని నా కూతురు దిద్దింది. ఆమె కంట పడనివి మీరు దిద్దుకుని చదవండి. ఇది నా కథ కాదు, మా ఇంట్లో ఉన్న ఒక క్యాసెట్టు కథ. దానికి నోరుంటే ఎట్లా మాట్లాడుతుందో అట్లా రాశాను. దాని నోరు మంచిది కాదు. అందుకు మాత్రం నేను బాధ్యురాలిని కాను.

*

నేను ఒక వీడియో క్యాసెట్టును. అందులోనూ రా క్యాసెట్టును.

పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళ భాషలో రా అంటే కెమెరాలో పెట్టి తీసింది తీసినట్టు ఉన్నదని అర్థం. తర్వాత మిక్సింగ్ అని ఒకటి చేస్తారు. నా మీద ఉన్నదాన్ని ముక్కలు చేసి, పూలు చల్లి, సినిమా పాటలు పెట్టి, ఇంకో క్యాసెట్టులోకి ఎక్కిస్తారు. ఆ మిక్సింగ్ దానికి బంగారు అక్షరాల డబ్బా, పెళ్ళివారి అద్దాల బీరువాలో చోటు. నాకు మళ్ళీ కెమెరా. నిన్నటి పెళ్ళి మీద ఇవాళ్టి పెళ్ళి. వేదమంత్రాల సాక్షిగా ఒక్కటైన జంటల్ని వరసపెట్టి చెరిపేసిన ఘనత నాది. ఆ జంటల్లో ఎవరూ ఇంతవరకూ వచ్చి అడగలేదు.

ఏ దేశంలో పుట్టానో గుర్తులేదు. నల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, లోపల రెండు చక్రాలు, వాటికి చుట్టిన గోధుమరంగు టేపు. అట్టపెట్టెలో తోబుట్టువులతో కలిసి రేపల్లె చేరాను. అక్కడ మల్లిబాబు అనే వీడియోగ్రాఫరు నా చుట్టూ ఉన్న కాగితం చింపి, భుజం మీది కెమెరాలోకి తోశాడు. ఆ రోజు నుంచి మనుషుల్ని దగ్గరగా చూసే దౌర్భాగ్యం మొదలైంది.

ముహూర్తం దాటిపోతోందని గొంతులు చించుకునే పెద్దమనుషులు, మల్లిబాబు చెయ్యెత్తితే ఆగిపోయేవారు. తలంబ్రాలు సరిగా పడలేదంటే మళ్ళీ పోసేవారు. తాళి కనబడటం లేదంటే పంతులుగారే పక్కకు జరిగేవారు. దేవతలు పైనుంచి చూస్తున్నారని చెప్పుకుంటూ అందరూ లైటు వైపు తిరిగి నవ్వేవారు. ఇక మిక్సింగ్ గదిలో జరిగేది చెప్పడానికి నాకే సిగ్గు. పెళ్ళికూతురు ముఖాన్ని యాపిల్ పండులో పెట్టి గిరగిరా తిప్పేవాడు. రేపల్లె దాటి ఎరగని పెళ్ళికొడుకును మంచుకొండ మీద నిలబెట్టేవాడు. తాతగారు వణికే చేత్తో అక్షింతలు వేస్తుంటే ఆయన నెత్తి మీద నుంచి హంసలు ఎగిరేవి. ఆ ఇంటివాళ్ళు అది చూసి "ఎంత బాగా తీశాడో" అని కళ్ళు తుడుచుకునేవారు.

ఆ పెళ్ళిళ్ళలో ముప్పాతిక వంతుకు సన్నాయి ఊదింది ఒకే మనిషి. ఆరేపల్లి వీరరాఘవులు. బక్క మనిషి. ఊదితే మాత్రం బుగ్గలు పూరీల్లా పొంగేవి. నా మీద ఆయన సన్నాయి ఎన్నిసార్లు పడిందో, అన్నిసార్లూ మిక్సింగ్‌లో మల్లిబాబు దాని గొంతు నొక్కి సినిమా పాట పెట్టాడు. రేపల్లె చుట్టుపక్కల ఏ బీరువాలోని క్యాసెట్టు చూసినా రాఘవులు ఉంటాడు. ఊదుతూనే ఉంటాడు. వినబడడు.

ఒకసారి ఆయన మిక్సింగ్ గదిలోకి తొంగిచూశాడు.

"ఇదేందిరా మల్లీ, నేను ఊదుతుంటే ఆడెవడో పాడతన్నాడు?"

"మిక్సింగ్ అంటే అదే బాబాయ్. నీ బొమ్మ ఉందిగా."

"బొమ్మ ఊదదుగా."

"సన్నాయి పెడితే ఎవరు చూస్తారు బాబాయ్? ఆడోళ్ళు లేచి వంటింట్లోకి పోతారు."

"మరి నన్నెందుకురా తీయడం? బుగ్గలకా?"

అని ఆయనే నవ్వాడు. మల్లిబాబూ నవ్వాడు. మనుషుల్లో ఇదొక జబ్బు. అవమానం జరిగినప్పుడు ఇద్దరూ కలిసి నవ్వుతారు.

తర్వాత కొన్నాళ్ళకు రాఘవులు కూతురు రత్నం పెళ్ళి వచ్చింది. మల్లిబాబు నన్నే కెమెరాలో పెట్టాడు. పిల్ల తండ్రి పీటల మీద కూర్చుని కన్యాదానం చేయాలి కాబట్టి ఊదకూడదు. పొన్నూరు నుంచి వేరే మేళాన్ని పిలిపించారు. ఊరందరి పెళ్ళిళ్ళకూ ఊదినవాడు సొంత కూతురి పెళ్ళిలో పట్టుపంచె కట్టుకుని నోరు మూసుకుని కూర్చున్నాడు. వేళ్ళు మాత్రం ఊరుకోలేదు. మోకాలి మీద, లేని రంధ్రాల్ని మూస్తూ తెరుస్తూ ఉన్నాయి. అది నేను చూశాను. మల్లిబాబు చూడలేదు. అతని చూపు ఐస్‌క్రీం తింటున్న వాళ్ళ మీద ఉంది.

అప్పగింతల వేళ వచ్చింది. పళ్ళెంలో పాలు పోసి, పిల్ల చేతులు అందులో ముంచి, అత్తామామల చేతుల్లో అద్దాడు రాఘవులు. రత్నం ఏడుస్తోంది. పొన్నూరు మేళం ఏదో సినిమా బాణీ అందుకుంది. రాఘవులు ఒక్క క్షణం విన్నాడు. లేచాడు. పాలచేతులు పంచెకు తుడుచుకున్నాడు. నడుం దగ్గర పంచె ముడిలో నుంచి సన్నాయి చివర పెట్టే చిన్న నాలిక తీశాడు. సన్నాయి వాళ్ళు ఒకరి నాలిక ఇంకొకరు నోట పెట్టుకోరు, ఎవరిది వారి దగ్గరే ఉంచుకుంటారు. పీటల మీద కూర్చోబోతూ కూడా అది నడుముకు కట్టుకునే వచ్చాడంటే ఏమనాలి? దాన్ని నోట్లో తడిపి, పొన్నూరు మనిషి చేతిలో సన్నాయి తీసుకుని బిగించాడు.

మగపెళ్ళివారి తరఫు మేనమామ ఒకాయన ఊరుకుంటాడా?

"ఏం బావగారూ, పిల్ల తండ్రి బాకా ఊదడం యాడన్నా ఉందా?"

"పిల్లనిచ్చాను బావగారూ. ఊపిరి ఇంకా నా దగ్గరే ఉందిగా."

అందరూ నవ్వారు. ఆయన ఊదాడు. ఏం ఊదాడో నా మీద పడింది.

ఆ సమయంలో ఆయన భార్య నాంచారమ్మ అక్కడ లేదు. ఈ రాత రాస్తున్నది ఆమే, అయినా చెప్పక తప్పదు. కూతుర్ని పంపుతున్న వేళ కూతురి పక్కన ఉండాల్సిన మనిషి, ఇంటి వెనక వ్యాను దగ్గర సారె గిన్నెల మూతలకు గుడ్డలు కడుతూ ఉంది. అరిసెలకు చీమలు పడతాయట. పక్కనే జనరేటరు దడదడలాడుతోంది. ముందు గుమ్మంలో ఏదో ఊదుతున్నారని తెలిసింది తప్ప ఏమీ వినబడలేదు. ఆమె చేతులు కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చేసరికి రాఘవులు సన్నాయి దించి పొన్నూరు మనిషికి ఇచ్చేశాడు. చూసినవాళ్ళు ఆమెకు రోజుల తరబడి చెప్పారు. "ఎట్టా ఊదాడో తెలుసా వదినా!" ఎట్టా ఊదాడో ఒక్కళ్ళూ చెప్పలేకపోయారు.

ఇంట్లో మళ్ళీ ఒక్కసారి ఊదమని ఆమె అడిగింది. "అది ఆ పూటకే వచ్చింది నాంచారీ. మళ్ళీ ఊదితే కచేరీ అయిపోద్ది" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. కళాకారుల పొగరు అంతే.

మల్లిబాబు మిక్సింగ్ చేశాడు. అప్పగింతల దగ్గర కూతురు వెళ్ళిపోతున్న పాట ఒకటి, సరిగ్గా రాఘవులు బుగ్గలు పొంగే చోట మొదలవుతుంది. చుట్టూ గులాబీ రేకులు. నాంచారమ్మ ఆ క్యాసెట్టును పండగకీ పబ్బానికీ వేసుకుని చూసేది. పాట చివర రాఘవులు సన్నాయి దించి, అటూ ఇటూ చూసి, పెదవులు కదుపుతాడు. అక్కడికి రాగానే ఆమె ప్రతిసారీ ఒకే మాట.

"చూడు, నీళ్ళడుగుతున్నాడు. అంతసేపు ఊదిన మనిషికి ఒక్కళ్ళన్నా గ్లాసు అందించారా? పొన్నూరోళ్ళకి మర్యాద లేదు."

పక్కన కూర్చున్న రాఘవులు, "అవునవును, దాహమే" అని నవ్వేవాడు.

అట్లా ఆ ఇంట్లో పొన్నూరు పరువు పోయింది. జీవితమంతా ఊపిరి అమ్ముకుని బతికిన రాఘవులు చివరికి ఊపిరి ఆడకే పోయాడు. నాంచారమ్మ బాపట్లలో కూతురింటికి చేరింది.

నేనెందుకు చెరిగిపోలేదని మీరడగవచ్చు. నాకు విలువిచ్చి దాచారనుకుంటే మీరు మనుషుల్ని ఇంకా తెలుసుకోలేదన్నమాట. ఆ పెళ్ళి తర్వాత సీడీలు వచ్చాయి. ఇంకో పెళ్ళికని నన్ను పెట్టి ఉంచిన పాత కెమెరాను మల్లిబాబు అటక మీద పడేశాడు, నేను దాని కడుపులోనే ఉండిపోయాను. తర్వాత అతను ఫ్లెక్సీలు కొట్టే మిషను పెట్టుకుని, పుట్టినరోజు నాయకుల ముఖాలు తెల్లగా చేసే పనిలో పడ్డాడు. అటక దులుపుతుంటే బయటపడ్డాను. బాపట్లలో ఫ్లెక్సీ కట్టే పని ఉండి వస్తూ నన్ను సంచిలో వేసుకుని తెచ్చాడు.

"పిన్నీ, ఇది రత్నం పెళ్ళి రా."

"ఉందిగా నాయనా ఇంట్లో ఒకటి, బంగారు డబ్బాలో."

"అందులో సినిమా పాట కదా. ఇందులో బాబాయ్ ఊదింది ఉంటది."

నాంచారమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత "ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టావురా" అంది. మల్లిబాబు తల గోక్కున్నాడు.

బాపట్ల స్టేషను రోడ్డులో పాత క్యాసెట్లను పెన్ డ్రైవ్‌లోకి మార్చే కంప్యూటర్ సెంటరు ఒకటుంది. నడిపేవాడు దిలీప్. నాంచారమ్మా రత్నమూ నన్నూ మిక్సింగ్ దాన్నీ రెండింటినీ తీసుకెళ్ళారు. "జాగ్రత్త నాయనా, ఇందులో మా ఆయన ఉన్నాడు" అంది నాంచారమ్మ. "మా దగ్గర అంతా డిజిటల్ అమ్మమ్మగారూ" అన్నాడు దిలీప్. ఆ మాటకు అర్థమేమిటో అతనికీ తెలియదు.

ముందు మిక్సింగ్ దాన్ని పెట్టాడు. అది గులాబీ రేకులతో, మంచుకొండలతో సహా చక్కగా కంప్యూటర్లోకి దిగింది. తర్వాత నేను. అటక మీది తేమకు నా టేపు బూజు పట్టి ఉంది. బొటనవేలితో ఒక తుడుపు తుడిచి మిషన్లోకి నెట్టాడు. నేను తిరిగాను. ఒళ్ళంతా గరగరలాడుతున్నా తిరిగాను. తాళి దాటింది, భోజనాలు దాటాయి, అప్పగింతలు దాటాయి. ఆయన ఊదింది పూర్తిగా దిగింది. అప్పుడు కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందట, కంప్యూటరూ ఆరిపోయింది. దిలీప్ ఫోనులో క్రికెట్ చూస్తున్నాడు, ఓవరు అయ్యేదాకా తలెత్తలేదు. కరెంటు వచ్చాక మిషను నోట్లో ఇరుక్కున్న నన్ను గుంజాడు. నా టేపు పేగుల్లా బయటికొచ్చి తెగింది. కంప్యూటర్లో చూస్తే నా పేరుతో ఫైలు ఉంది, పెద్దదిగానే ఉంది. "అయిపోయింది" అన్నాడు. తెరిచి చూడలేదు. వండినవాడు ఉప్పు చూస్తాడు, కుట్టినవాడు దారం లాగి చూస్తాడు. ఇతను పేరు చూశాడు.

ఇంటికొచ్చి పెన్ డ్రైవ్ టీవీకి పెట్టారు. మిక్సింగ్ ఫైలు నొక్కగానే హంసలు ఎగిరాయి. నా ఫైలు నొక్కితే నల్లటి తెర, మధ్యలో బూడిదరంగు గీత. నన్ను బల్ల మీదే పెట్టారు కాబట్టి ఆ తర్వాత జరిగిన వైద్యమంతా నేను చూశాను.

రత్నం భర్త ఏడుకొండలు కాలేజీ ఆఫీసులో పనిచేస్తాడు. ఇంట్లో కంప్యూటర్ల సంగతి తెలిసినవాడు ఆయనే. అంటే, తెలియదని ఒప్పుకోనివాడు. "ఫార్మాట్ ప్రాబ్లం అత్తయ్యగారూ" అని తేల్చాడు. ఫైలు పేరు చివర చుక్క తర్వాత ఉన్న అక్షరాలు తీసేసి వేరే అక్షరాలు పెట్టాడు. టీ కొట్టు బోర్డు మీద బట్టల దుకాణం అని రాస్తే లోపల చీరలు దొరుకుతాయా? తెరుచుకోలేదు. ఉచితంగా మార్చే యాప్ ఒకటి తెచ్చాడు. అది సబ్బుల ప్రకటనలూ అప్పుల ప్రకటనలూ చూపించి, నూటికి నూరు శాతం అయిందని చెప్పి, ఇంకో ఫైలు ఇచ్చింది. అది ఉత్త ఖాళీ. చెడిపోయినదాన్ని ఎన్నిసార్లు మార్చినా చెడిపోయినదే వస్తుందని ఆయనకు తట్టలేదు. టీవీ తీసి మళ్ళీ పెట్టాడు. చివరికి పెన్ డ్రైవ్ నోట్లోకి ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. ఆ ఇంట్లో ఊదటం తెలిసిన మనిషి ఒక్కడే. ఆయన గోడ మీద దండలో ఉన్నాడు.

"వైరస్ అయ్యుంటది. పెన్ డ్రైవ్ మొత్తం చెరిపేసి మళ్ళీ ఎక్కించుకుందాం" అన్నాడు.

"ఎక్కడి నుంచి ఎక్కిస్తారండీ? క్యాసెట్టు తెగిందిగా!" అంది రత్నం నన్ను చూపిస్తూ.

ఏడుకొండలు నా వైపు చూశాడు. నాకు వెన్నెముక ఉంటే జలదరించేది. ఆ వేలు ఒక్క నొక్కు నొక్కితే రాఘవులు సన్నాయి భూమి మీద ఇంకెక్కడా లేదు.

"నా ఫోన్లో పెట్టి చూడండి అల్లుడుగారూ" అంది నాంచారమ్మ. ఆమె ఫోను తెలుగులో ఉంటుంది. పెట్టారు. తెర మీద ఏదో వచ్చింది. ఆమె కూడబలుక్కోవడం మొదలుపెట్టింది. "వీ...డి...యో..." ఏడుకొండలు నొక్కేశాడు, పోయింది.

"అయ్యో, ఏం రాశాడో చూడనీయండి."

"ఏముంటదత్తయ్యా, ఓకే అనటమే."

మళ్ళీ పెట్టారు. "వీడియో... సూ..." మళ్ళీ నొక్కేశాడు. చదువుకున్నవాళ్ళకు చదవడమంటే ఇంత భయమని నాకు అప్పటిదాకా తెలియదు. మూడోసారి నాంచారమ్మ అల్లుడి చెయ్యి పట్టుకుంది. అత్త అల్లుడి చెయ్యి పట్టుకోవడం ఆ ఇంట్లో అదే మొదలు. ఏడుకొండలు బిగుసుకుపోయాడు. ఆమె తీరిగ్గా చదివింది.

"వీడియో సూచిక దొరకలేదు. ఫైల్ తెరవడం వీలుపడదు. సూచిక అంటే ఏందే రత్నం?"

"పుస్తకం మొదట్లో ఉంటదిగా అమ్మా, ఏ పాఠం ఏ పేజీలో ఉందో చెప్పేది."

"నా వాచకంలో ఆ కాగితం ఊడిపోయింది. పాఠాలు పోలేదుగా?"

రత్నం తల్లి ముఖం చూసింది. పెన్ డ్రైవ్ లాగి కొంగుకు ముడేసుకుంది. నన్ను సంచిలో వేసుకుంది. ఇద్దరూ మళ్ళీ స్టేషను రోడ్డుకు బయలుదేరారు.

"మేం ఇచ్చినప్పుడు ఓపెన్ అయిందండీ" అన్నాడు దిలీప్.

"తెరిచి చూశారా?"

"చూసే ఉంటాం."

రత్నం నన్ను అతని కీబోర్డు మీద పెట్టింది. తెగిన టేపు అతని చేతుల మీదికి వేలాడింది.

"మళ్ళీ తీద్దామంటే ఇది లేదు. లోపల సరుకు ఉంది, సూచిక లేదంట. రాసి ఇవ్వండి."

దిలీప్ ఏవేవో వెతికాడు, ఎవరికో ఫోన్ చేశాడు. చివరికి చెప్పాడు. రికార్డు అవుతున్నంతసేపూ సరుకు చేరుతూ ఉంటుందట, ఏది ఎక్కడుందో చెప్పే సూచిక మాత్రం చిట్టచివర రాస్తుందట. కరెంటు పోవడంతో అది రాయలేదు. ఇదే మిషను మీద, ఇదే పద్ధతిలో ఎక్కించిన బాగున్న ఫైలు ఒకటుంటే, దాన్ని పక్కన పెట్టుకుని ఆ అచ్చులోనే దీనికి సూచిక కట్టవచ్చు.

"అట్టాంటిది ఉందామ్మా మీ దగ్గర?"

ఉంది. ఇంకేముంటుంది? హంసలది.

నా స్థితి ఊహించుకోండి. బతుకంతా దాన్ని చూసి అసహ్యించుకున్నాను. నా సొమ్ముతో సింగారించుకుని, నా గొంతు నొక్కి, బంగారు డబ్బాలో కూర్చున్నది అది. ఇప్పుడు నేను పలకాలంటే దాని సాయం కావాలి. కాదనే నోరు నాకు లేదు. దిలీప్ రెండు ఫైళ్ళనూ పక్కపక్కన పెట్టి మీట నొక్కాడు. నీలం గీత ఒకటి నెమ్మదిగా సాగింది. నాంచారమ్మ ఆ గీతనే చూస్తూ కూర్చుంది.

తెరుచుకుంది.

బొమ్మ అక్కడక్కడా చెదిరింది. కానీ మొదట వచ్చింది బొమ్మ కాదు, మోత. జనరేటరు, పిల్లల కేకలు, "బాబాయ్, లైటు వైపు తిరుగు" అని మల్లిబాబు అరుపు. తర్వాత మేనమామ వెటకారం, రాఘవులు జవాబు, నవ్వులు. నాలికను సరిచూస్తూ చిన్న కూత. ఆ తర్వాత ఆయన ఊదాడు.

నాకు రాగాల పేర్లు తెలియవు. పాలతడికి వేలు జారి ఒకచోట స్వరం విరిగింది. ఆయన ఆగి, ఊపిరి పీల్చి, విరిగిన చోటు నుంచే మళ్ళీ ఎత్తుకున్నాడు. ఊదుతున్నంతసేపూ జనంలో ఎవరికోసమో చూస్తున్నాడు. దిలీప్ ఫోనులో క్రికెట్ ఆపేశాడు. అతని గురించి ఒక మంచిమాట చెప్పాలంటే ఇదొక్కటే.

పాట అయింది. రాఘవులు సన్నాయి దించాడు. అటూ ఇటూ చూశాడు. పెదవులు కదిలాయి. ఈసారి మాట కూడా వచ్చింది.

"నాంచారి ఏదీ? విన్నదా?"

ఎవరో ఆడమనిషి, "వెనకాల సారె సర్దుతోందయ్యా" అంది.

"సర్లే" అన్నాడు ఆయన.

వెనక నుంచి నాంచారమ్మ పరుగున వస్తూ కనబడింది, చేతులకు బెల్లం. బొమ్మ అక్కడ తెగింది.

నాంచారమ్మ తెర మీద నుంచి చూపు తిప్పకుండానే కూతురి మోచెయ్యి పట్టుకుంది.

"నీళ్ళు కాదే రత్నం" అంది. "ఆయనకి దాహం కాదే."

పొన్నూరు వాళ్ళకు ఇంతవరకూ ఎవరూ క్షమాపణ చెప్పలేదు. అది మనుషుల పద్ధతి.

నా పని అయిపోయింది. తెగిన టేపును లోపలికి తోసి, రబ్బరు బ్యాండు వేసి, నన్ను గూట్లో పెట్టారు. పక్కనే బంగారు డబ్బాలో ఆ మిక్సింగ్‌ది ఉంది. మేమిద్దరం మాట్లాడుకోము. పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి నాంచారమ్మ ఫోను తెరుస్తుంది. ఆయన ఊదుతాడు, సన్నాయి దించుతాడు, విన్నదా అని అడుగుతాడు. "విన్నానయ్యా" అంటుంది ఈమె. రోజూ అంతే. ఫోనులో బొమ్మకు జవాబు చెప్పే మనిషిని చూసి నాలాంటిది నవ్వాలి. నవ్వుదామంటే టేపు తెగిపోయింది.

*

ఇట్లు,
ఆరేపల్లి నాంచారమ్మ
వయసు అరవై ఎనిమిది
ప్రస్తుతం ఉంటున్నది: కూతురు రత్నం ఇంట్లో, రైలు గేటు దగ్గర, బాపట్ల